దూరం పోతే బంధం తెగినట్టేనా? సెడ్నా, పుష్కరం, మా బాపు



పుష్కరాల వీడియోలో బృహస్పతి నడక గురించి చెప్పుకున్నాం. ఒక్కో రాశిలో ఏడాది చొప్పున ఉంటూ పన్నెండేళ్లకు చుట్టు పూర్తి చేస్తాడు. సింహరాశిలోకి వస్తే గోదావరికి పుష్కరం, కన్యలోకి వస్తే కృష్ణకు. కచ్చితంగా చెప్పాలంటే 11.86 ఏళ్లు. మన పెద్దలు ఒక గ్రహం నడకని తీసుకొచ్చి నది ఒడ్డున స్నానానికి, పితృతర్పణానికి ముడిపెట్టారు. పన్నెండేళ్లంటే మనిషి బతుకులో ఐదారుసార్లు వచ్చే పండగ. మొదటిసారి ఎవరి భుజాల మీదో కూర్చుని చూస్తాం, చివరిసారి ఎవరి చెయ్యో పట్టుకుని మెట్లు దిగుతాం.

ఆ స్క్రిప్ట్ రాస్తున్నప్పుడు నా బుర్రలో ఇంకో ప్రశ్న దూరింది. పన్నెండేళ్లకు తప్పకుండా వచ్చేవాడికి ఘాట్లు కట్టి స్వాగతం చెప్పడం తేలికే. పదకొండు వేల ఏళ్లకు ఒకసారి దగ్గరికి వచ్చేవాడు ఉంటే? వాడు సూర్యుడి కుటుంబంలో మనిషేనా, లేక దారిన పోయేవాడా? దూరం ఎంత పెరిగితే బంధం తెగిపోయినట్టు లెక్క?

ఇది ఊరికే అడుగుతున్న ప్రశ్న కాదు. అలాంటి వాడు నిజంగా ఉన్నాడు. పేరు సెడ్నా. ఇక నేను పుట్టి పెరిగిన పోచంపాడ్ దిక్కు, ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్లలో, ఈ ప్రశ్న ప్రతి రెండో ఇంట్లో ఉంటుంది. అక్కడ దానికి ఖగోళశాస్త్రం అని పేరు పెట్టరు, "దుబాయ్" అంటారు.

ముందు సెడ్నా సంగతి చూద్దాం.

2003లో గోదావరి పుష్కరాలు జులై 30న మొదలయ్యాయి. అవి అయిపోయిన మూడు నెలలకు, నవంబర్ 14న, అమెరికాలోని పాలోమార్ కొండ మీద మైక్ బ్రౌన్, చాడ్ ట్రుహియో, డేవిడ్ రాబినోవిట్జ్ అనే ముగ్గురి బృందం 48 అంగుళాల టెలిస్కోప్‌తో ఆకాశంలో ఒకే చోటుని గంటన్నర గ్యాప్‌తో మూడు ఫొటోలు తీసింది. (మన హైదరాబాద్ దగ్గర జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా యూనివర్సిటీ వాళ్లది కూడా 48 అంగుళాల టెలిస్కోపే. ఈ మాట చెప్పకుండా ముందుకెళ్లడం నా వల్ల కాలేదు.) మూడు ఫొటోల్లో నక్షత్రాలన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ఒక్క చుక్క మాత్రం జరిగింది. చాలా చాలా నెమ్మదిగా. అంత నెమ్మదిగా జరిగేది ఏదైనా అంత దూరంలో ఉన్నట్టే.

ఎంత దూరం? భూమికి సూర్యుడికి మధ్య ఉన్న దూరాన్ని ఒక ఏయూ అంటారు. పోచంపాడ్ డ్యామ్ కట్ట మీద నడుస్తున్నాం అనుకోండి, అడుగుకి ఒక ఏయూ. మొదటి అడుగులోనే భూమి. ఐదు అడుగులు దాటగానే బృహస్పతి. ముప్పై అడుగులకు నెప్ట్యూన్, అంటే మనకు తెలిసిన పెద్ద గ్రహాల్లో ఆఖరిది. సెడ్నా సూర్యుడికి అతి దగ్గరగా వచ్చినప్పుడు 76 అడుగుల దూరంలో ఉంటుంది. అది దగ్గర! దూరం పోయినప్పుడు తొమ్మిది వందల అడుగులు దాటుతుంది. బృహస్పతిది దాదాపు గుండ్రటి దారి, దీనిది సాగదీసిన రబ్బరుబ్యాండు లాంటి దారి. ఒక్క చుట్టుకి సుమారు 11,400 ఏళ్లు. కిందటిసారి ఇది సూర్యుడికి దగ్గరగా వచ్చినప్పుడు భూమ్మీద మంచుయుగం అప్పుడప్పుడే ముగిసింది, మనుషులు విత్తనం నాటడం నేర్చుకుంటున్నారు. మళ్లీ అతి దగ్గరగా వచ్చేది 2076 ప్రాంతంలో.

మంచు, రాయి కలిసిన ముద్ద. అడ్డంగా కొలిస్తే దాదాపు వెయ్యి కిలోమీటర్లు. రంగు ఎరుపు, సౌరకుటుంబంలో ఇంత ఎర్రటివి చాలా తక్కువ. మైనస్ 240 డిగ్రీల దరిదాపుల్లో చలి. ఉత్తరధ్రువ ప్రాంతపు ఇన్యూట్ ప్రజల సముద్రదేవత పేరు పెట్టారు దానికి. గడ్డకట్టిన సముద్రం అడుగున ఉండే అమ్మవారు.

ఒక ఆదివారం కూర్చుని పైథాన్‌లో ఈ దారిని గీశాను. కెప్లర్ సూత్రం, పది లైన్ల కోడ్, అంతే. వచ్చిన అంకెలు చూసి కాసేపు అలా ఉండిపోయాను. 11,400 ఏళ్లలో సెడ్నా 100 ఏయూల లోపల ఉండేది సుమారు 200 ఏళ్లు. రెండు శాతం కూడా కాదు. మూడొంతులకు పైగా కాలం 500 ఏయూల అవతలే గడుపుతుంది. అక్కడ ఉన్నంతసేపు మన టెలిస్కోప్‌లకి అందదు. మరి అది ఆ రెండు శాతంలో ఉన్నప్పుడే మన కంట పడిందంటే, ఇప్పుడు అవతలి చివర్లో ఉండి కనపడనివి ఇలాంటివి ఇంకా ఎన్ని ఉండాలి? శాస్త్రవేత్తలు మొదట వేసుకున్న ప్రశ్న కూడా ఇదే. ఒక్కటి కనపడటమే చాలావాటికి సాక్ష్యం. 2014లో 2012 వీపీ113ని, 2018లో లెలెయాకుహోనువాని ప్రకటించారు. ఒక్కొక్కటిగా బయటపడుతున్నాయి.

ఇక మా ఇంటి అంకెలు. మా బాపు 2003 డిసెంబర్‌లో మస్కట్ వెళ్లాడు. 2023లో పూర్తిగా తిరిగొచ్చాడు. మధ్యలో రెండేళ్లకోసారి, నలభై రోజుల సెలవు. పది ట్రిప్పులు, నాలుగు వందల రోజులు. ఇరవై ఏళ్లలో ఐదున్నర శాతం. సెడ్నా కంటే నయం, అంతే.

ఎందుకు పోయాడంటే, డ్యామ్ కట్ట కనిపించే ఊరైనా మా చెలక కాలువకు ఎగువన ఉంది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ ఎన్నో జిల్లాలకు నీళ్లిచ్చింది, కాకతీయ కాలువ ఎక్కడెక్కడికో పోయింది. నీళ్లు మాత్రం పల్లానికే పోతాయి కదా. మాది బోరు మీద పసుపు. తొమ్మిది నెలల పంట. తవ్వాలి, ఉడకబెట్టాలి, ఆరబెట్టాలి, పాలిష్ పట్టాలి, అప్పుడు నిజామాబాద్ యార్డుకి. రెండు బోర్లు ఎండిపోయాయి, ధర పడిపోయింది, మిత్తి పెరిగింది. 2025లో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌కి వచ్చింది, మంచిదే. బాపు పోయింది 2003లో.

2012లో మా తాత చనిపోయాడు. బాపు రాలేకపోయాడు. పాస్‌పోర్టు పనిచేసే చోట వాళ్ల దగ్గర ఉంది, సెలవు ఇవ్వలేదు, టికెట్ దొరికేసరికి మూడో రోజు దాటింది. తలకొరివి మా చిన్నాయన పెట్టాడు. పెద్దకొడుకు ఉండి కూడా. ఆ తర్వాత 2015 జులైలో గోదావరి పుష్కరాలు వచ్చాయి, 14 నుంచి 25 వరకు. బాపు తన సెలవు మొత్తం దానికే దాచుకుని వచ్చాడు. ఆ ఏడు వానల్లేవు, గోదావరి పల్చగా ఉంది. పోచంపాడ్ ఘాట్ దగ్గర తాతకి పిండప్రదానం చేశాడు. మోకాళ్ల దాకా కూడా లేని నీళ్లలో కూర్చుని తల ముంచడానికి ప్రయత్నిస్తున్నాడు. పక్కన మా చుట్టాల్లో ఒక పెద్దాయన, వినపడేటట్టే అన్నాడు: "బతికున్నప్పుడు రాలె. ఇప్పుడు పిండాలకు వచ్చిండు."

అప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. ఆ మాట తప్పని కొట్టిపారేయడానికి నా దగ్గర ఏమీ లేదు. నిజమని ఒప్పుకోవడానికీ లేదు. ఈ వ్యాసం అసలు ప్రశ్న అదే. దూరాన ఉండి నిలబెట్టుకున్న బాధ్యత బాధ్యతేనా? లేక పక్కన లేనివాడికి కొడుకు, భర్త, తండ్రి అనే మాటలు చెల్లవా?

ముందు "బంధం" అనే మాటనే తీసుకుందాం. ఫిజిక్స్‌లో దీనికి చాలా శుభ్రమైన అర్థం ఉంది. ఒక వస్తువు సూర్యుడికి కట్టుబడి ఉందా లేదా అన్నది దూరాన్ని బట్టి తేలదు, వేగాన్ని బట్టి తేలుతుంది. 76 ఏయూల దగ్గర సూర్యుడి పట్టు నుంచి పూర్తిగా తప్పించుకుపోవాలంటే సెకనుకు 4.83 కిలోమీటర్ల వేగం కావాలి. సెడ్నా అక్కడ పోయే వేగం దాదాపు 4.65. తేడా ఎంతో చూడండి. సెకనుకు రెండు వందల మీటర్లు కూడా కాదు. ఆ కాస్త వేగం ఎక్కువుంటే సెడ్నా మళ్లీ ఎప్పటికీ తిరిగి రాదు. 2017లో ఓమువామువా అనే రాయి మన సూర్యుడి పక్కనుంచే పోయింది. సెడ్నా ఎప్పుడూ రానంత దగ్గరగా, బుధుడి దారి కన్నా లోపలికి వచ్చింది. అయినా అది మనది కాదు. వేరే చోట నుంచి వచ్చింది, వేరే చోటికి పోయింది. దగ్గరగా రావడం బంధం కాదు. తొమ్మిది వందల ఏయూల అవతల, చీకట్లో, గంటకు పద్నాలుగు వందల కిలోమీటర్ల లోపు వేగంతో ఈడ్చుకుంటూ పోయే సెడ్నా మాత్రం మనదే.

ఈ లెక్క మనుషులకి సరిపోతుందా అంటే, కొంతవరకే సరిపోతుంది. ఏ ఊరిలోనైనా చూడండి, ఒకే ఇంట్లో రోజూ మొహాలు చూసుకుంటూ ఏళ్ల తరబడి ఒకరికొకరు ఏమీ కాకుండా బతికేవాళ్లు ఉంటారు. ప్రతి నెలా ఒకటో తారీకున డబ్బు పంపి, చిట్టీ కట్టి, చెల్లి పెళ్లి చేసి, చెయ్యి కాలినా ఫోన్లో చెప్పకుండా ఉండేవాళ్లూ ఉంటారు. రెండో రకం వాళ్లని బంధం లేనివాళ్లు అనడానికి నాకు నోరు రాదు.

కానీ కనపడినంత మేరనే మనిషిని కొలుస్తాం. ఇక్కడ టెలిస్కోప్ ముగ్గురి పని నుంచి ఒక చిన్న విషయం. ఆ రాత్రి సెడ్నా జరిగినట్టు కనపడింది కదా, ఆ జరగడంలో ఎక్కువ భాగం సెడ్నాది కాదు. భూమిది. రైల్లో పోతుంటే దూరపు గుట్ట వెనక్కి జరిగినట్టు కనపడటం లాంటిదే. జాతకాల్లో "శని వక్రించాడు" అంటాం. శని ఎక్కడా వెనక్కి తిరగడు, మనం వాణ్ణి దాటిపోతున్నప్పుడు అలా కనపడతాడు, అంతే. మన పాత సిద్ధాంతకర్తలు ఈ వక్రగతిని రోజుల లెక్కన గణించి పెట్టారు, ఎక్కడా గందరగోళపడలేదు. రెండేళ్లకోసారి బాపు ఇంటికి వచ్చినప్పుడు "ఈయన మారిపోయాడు" అనిపించేది నాకు. రెండేళ్లలో నా ఎత్తే అరడుగు పెరిగి ఉంటుంది. మారింది ఎవరు?

ఇంకోటి. మొదట దొరికిన కొద్ది వారాల డేటాతో సెడ్నా దారిని ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. పాత ఫొటోలన్నీ తవ్వారు. 1990 నాటి ఫొటోలో కూడా అది ఉంది, అప్పుడెవరూ గమనించలేదు. అవన్నీ చేర్చాకే దారి తేలింది. డీబగ్గింగ్ చేసేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. ఒక్క ఎర్రర్ లైన్ చూసి తీర్పు ఇవ్వం, పాత లాగ్స్ తెరుస్తాం. మరి మనుషుల విషయంలో ఒక్క చావుకి రాలేదన్న లైన్ దగ్గరే ఆగిపోతాం, ఎందుకో.

అన్నిటికన్నా నాకు నచ్చిన టెక్నికల్ సంగతి ఇది. సెడ్నా చుట్టు ఎన్నేళ్లని వెతికితే వేర్వేరు చోట్ల వేర్వేరు అంకెలు కనపడతాయి, వందల ఏళ్ల తేడాతో. కారణం ఏంటంటే, సూర్యుడి నుంచి కొలిస్తే జవాబు నిలకడగా ఉండదు. సూర్యుడే కదులుతున్నాడు. ముఖ్యంగా బృహస్పతి లాగుతుంటే చిన్నగా ఊగుతున్నాడు. కాబట్టి సూర్యుణ్ణి, గ్రహాలన్నిటినీ కలిపి, వాటి మొత్తం బరువుకి కేంద్రం ఎక్కడో లెక్కేసి, అక్కడి నుంచి కొలుస్తారు. అప్పుడు అంకె కుదురుకుంటుంది. ఒకరి దగ్గర నిలబడి కొలిస్తే రాని జవాబు, కుటుంబం మొత్తాన్ని కలుపుకుని కొలిస్తే వస్తుంది.

దీన్ని ఇంటికి అన్వయిస్తే, నా దగ్గర నిలబడి కొలిస్తే బాపు నా స్కూల్ ఫంక్షన్లకి లేని మనిషి. చిన్నాయన దగ్గర నుంచి కొలిస్తే తన మీద తలకొరివి పడేసిన అన్న. ఆ పెద్దాయన దగ్గర నుంచి కొలిస్తే ఆచారం తప్పినవాడు. మొత్తం ఇంటి బరువు ఎక్కడ ఆనిందో అక్కడ నిలబడితే తాత మందులు, అత్త పెళ్లి, నా ఇంజినీరింగ్ ఫీజు, తీరిన మిత్తి, అన్నీ ఒక మనిషి చుట్టూ తిరుగుతూ కనపడతాయి.

ఇక్కడిదాకా వచ్చి ఆపేస్తే ఈ వ్యాసం బాగానే ఉంటుంది. కానీ మా అమ్మ ఒప్పుకోదు.

ఈ సెడ్నా కథంతా అమ్మకి చెప్పాను. లాప్‌టాప్‌లో ఆ సాగిన దారి చూపించాను. శ్రద్ధగానే వింది. అంతా అయ్యాక, "సూర్యునికి కట్టుబడే ఉంది అంటున్నవ్ గదా, మరి దానికి ఎండ తగుల్తదా?" అని అడిగింది. తగలదమ్మా, అక్కడికి సూర్యుడు బాగా మెరిసే చుక్కలా కనపడతాడంతే అన్నాను. "మరింకేంది," అంది. అంతే. లేచి పోయింది.

ఆ "మరింకేంది" నన్ను వదల్లేదు. కట్టుబడి ఉండటం వేరు, తోడుగా ఉండటం వేరు. తొమ్మిది వందల ఏయూలకి వెలుతురు చేరడానికే ఐదు రోజులు పడుతుంది, చేరేసరికి దానిలో వేడి ఉండదు. బాపు పంపిన డబ్బుతో బోరు వేయించింది అమ్మే, పసుపు ఉడకబెట్టే బాయిలర్ దగ్గర తెల్లారి నాలుగింటికి నిలబడింది అమ్మే, తాతకి ఆఖరి నెలల్లో ఒళ్లు తుడిచింది అమ్మే. మన సాహిత్యం ఇలాంటి స్త్రీకి పేరు పెట్టింది, ప్రోషితభర్తృక, భర్త దేశాంతరం పోయిన నాయిక. అష్టవిధ నాయికల్లో ఒకరు. బొమ్మల్లో ఆమె ఎప్పుడూ విచారంగా కూర్చునే ఉంటుంది. మా అమ్మకి కూర్చునే టైమ్ ఎప్పుడుండింది?

మన ఆడవాళ్ల పాటల్లో ఊర్మిళాదేవి నిద్ర అని ఉంది, మీ అమ్మమ్మలకి తెలిసే ఉంటుంది. లక్ష్మణస్వామి అన్నగారి వెంట పద్నాలుగేళ్లు అడవికి పోయాడు. ధర్మం, సందేహం లేదు. ఊర్మిళ ఆ పద్నాలుగేళ్లూ నిద్రపోయింది. తిరిగొచ్చి లేపితే ఆమె ఆయన్ని గుర్తుపట్టదు, పరాయివాడు అనుకుని గట్టిగా మందలిస్తుంది. ఎన్నో వీడియోల్లో లక్ష్మణుడి సేవ గురించి చెప్పుకున్నాం. ఆ పాట కట్టుకున్న ఆడవాళ్లు మాత్రం ఇంకో లెక్క కూడా అక్కడ పెట్టారు, గమనించండి. ఆయన ధర్మాన్ని వాళ్లు కాదనలేదు. దాని ఖర్చు ఎవరి మీద పడిందో కూడా చెప్పారు.

నా అభిప్రాయం ఇది, మీరు ఒప్పుకోకపోవచ్చు. ఇవి రెండు వేర్వేరు ఖాతాలు. బాపు బాధ్యత నెరవేర్చాడన్నది ఒక ఖాతా. అమ్మకి, తాతకి, నాకు దక్కాల్సిన తోడు దక్కలేదన్నది ఇంకో ఖాతా. మొదటిది జమ ఉంది కదా అని రెండోదాన్ని కొట్టేయడం కుదరదు. రెండోది బాకీ ఉంది కదా అని మొదటిదాన్ని సున్నా చేయడమూ కుదరదు. ఘాట్ దగ్గర ఆ పెద్దాయన చేసింది రెండోది. గల్ఫ్ త్యాగాల మీద వచ్చే మోటివేషన్ రీల్స్ చేసేది మొదటిది. నాకు రెండూ నచ్చవు.

మరి ఈ దారి ఇంత పొడుగ్గా సాగడానికి కారకుడు ఎవరు? సెడ్నా విషయంలో ఇది ఇప్పటికీ తేలలేదు. సూర్యుడి దగ్గర పుట్టిన వస్తువులు మామూలుగా గుండ్రటి దారిలో ఉండాలి. నెప్ట్యూన్ లాగి పారేసిందా అంటే, సెడ్నా ఎప్పుడూ నెప్ట్యూన్ దగ్గరికే రాదు. సూర్యుడు పసివాడుగా ఉన్నప్పుడు పక్కనుంచి పోయిన నక్షత్రం ఏదో దాన్ని లాగి సాగదీసిందన్నది ఒక ఊహ. 2016లో కాన్స్టాంటిన్ బాటిగిన్, మైక్ బ్రౌన్ ఇంకో ఊహ చెప్పారు. ఇలాంటి దూరపు వస్తువుల దారులన్నీ ఒకే వైపు సాగి ఉన్నట్టు కనపడుతున్నాయి కాబట్టి, అక్కడ ఇంకా మన కంటికి అందని పెద్ద గ్రహం ఉండాలన్నారు. ఇంతవరకు దొరకలేదు. మనం వెతికిన దిక్కుల్లోనే దొరికాయి కాబట్టి అలా ఒకవైపే ఉన్నట్టు అనిపిస్తోంది తప్ప, అసలు గుంపే లేదని వాదించేవాళ్లూ ఉన్నారు.

కనపడని కారణాన్ని మన దర్శనాల్లో ఏమన్నారో తెలుసా? అదృష్టం. దృష్టం కానిది, అంటే చూడబడనిది. ఇప్పుడు మనం లాటరీ తగిలితే వాడే మాట, వైశేషికుల దగ్గర సీరియస్ సాంకేతిక పదం. అయస్కాంతం వైపు సూది ఎందుకు కదులుతుందంటే, కారణం ఉంది కానీ కంటికి కనపడదు, అదృష్టం అన్నారు. మనిషి చేసిన పనుల ఫలం ఎక్కడో నిలవ ఉండి తర్వాత అందడానికీ అదే మాట వాడారు. సూది విషయంలో అదృష్టం స్థానంలోకి తర్వాత అయస్కాంత క్షేత్రం అనే జవాబు వచ్చింది. నాకు ఇందులో కనపడేది, అదృష్టం అనేది వెతుకులాటలో పెట్టుకున్న ఖాళీ గడి. అక్కడ నింపాల్సింది ఇంకా ఉంది అని గుర్తు.

మా దిక్కు దాన్ని ముగింపు మాటగా వాడతారు. "మన రాత గిట్లుంది, దుబాయ్ పోవుడే." కర్మ అని ఒక్క మాట అనేస్తే ఇంక ఎవరూ ఏమీ అడగరు. కానీ మా బాపు దారిని సాగదీసినవి కనపడని గ్రహాలు కావు. పసుపు ధర కనపడుతుంది. ఎండిన బోరు కనపడుతుంది. నూటికి నెలకు మూడు రూపాయల మిత్తి నోటు మీద రాసి ఉంటుంది. మనిషి పాస్‌పోర్టు గుంజుకుని పెట్టుకోవడం కనపడుతుంది. కనపడేవాటికి అదృష్టం అని పేరు పెట్టడం ఆ దర్శనం రాసినవాళ్లకే అన్యాయం. పూర్వజన్మ గురించి మాట్లాడే ముందు పక్క ఊరి యార్డు గురించి మాట్లాడుకుందాం అంటాను నేను. భక్తి ఉన్నవాడిగానే అంటున్నాను.

దూరపు మంచుముద్దల సంగతి వచ్చింది కాబట్టి హైదరాబాద్ కుర్రాడి కథ ఒకటి చెప్పాలి. వైను బప్పు. (మా బాపుతో కలిపేయకండి.) నాన్నగారు నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు, ఈయన నిజాం కాలేజీలో చదివాడు, హైదరాబాద్ రాష్ట్ర స్కాలర్‌షిప్ మీద హార్వర్డ్ వెళ్లాడు. 1949 జులైలో ఒక ఫొటో ప్లేటు మీద కొత్త తోకచుక్కని గుర్తించాడు. బప్పు-బాక్-న్యూకిర్క్ తోకచుక్క అని పేరు. అది చుట్టు తిరిగి రావడానికి సుమారు అరవై వేల ఏళ్లు అని లెక్క. సెడ్నా దాని ముందు పక్కింటి మనిషి. అంత చదువు చదివి అక్కడే ఉండిపోవచ్చు, బప్పు తిరిగొచ్చాడు. కొడైకెనాల్‌లో పనిచేశాడు, తమిళనాడులోని కావలూరు అడవిలో అబ్జర్వేటరీ పెట్టాడు, అక్కడ పెద్ద టెలిస్కోప్ ఒకటి మన దేశంలోనే తయారు చేయించడం మొదలుపెట్టాడు. 1982లో చనిపోయాడు. టెలిస్కోప్ 1986లో ఆయన పేరు మీదే ప్రారంభమైంది. దానిలోంచి ఆయన ఒక్క చుక్కని కూడా చూడలేదు.

కర్మయోగం మీద మనం చేసిన సిరీస్‌లో ఫలం ఆశించకుండా పని చేయడం గురించి గంటలు గంటలు మాట్లాడాం. ఆ మాటకి బరువు ఎప్పుడు తెలుస్తుందంటే, ఫలం వచ్చే టైమ్‌కి మనం ఉండమని ముందే తెలిసినప్పుడు. సెడ్నా 2076లో దగ్గరికి వస్తుంది. దాని దగ్గరికి నౌక పంపాలంటే దశాబ్దాల ప్రయాణం. ఇప్పుడు దాని గురించి లెక్కలు వేస్తున్న శాస్త్రవేత్తల్లో చాలామంది ఆ ఫొటోలు చూడరు. అయినా వేస్తున్నారు. ఈ అవకాశం పోతే మళ్లీ పదకొండు వేల ఏళ్లు ఆగాలి, ఆగేవాళ్లు ఎవరో కూడా తెలీదు.

బాపు ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంటాడు. అరవై దగ్గర పడ్డాయి. మొదటి ఆరు నెలలు అన్నం తిన్నాక ప్లేటు తనే కడుక్కుని, ఎవరినీ ఏమీ అడక్కుండా వరండాలో పడుకునేవాడు, క్యాంపులో ఉన్నట్టే. అమ్మ ఊరుకునేది. ఇప్పుడిప్పుడే ఇద్దరూ టీవీ రిమోట్ కోసం గొడవపడుతున్నారు, నాకు అది చాలా మంచి సంకేతం అనిపిస్తోంది. ఎండాకాలం డ్యామ్‌లో నీళ్లు తగ్గితే మునిగిపోయిన పాత ఊళ్ల ఆనవాళ్లు, గుడి రాళ్లు బయటపడతాయి. బాపు ఈ మధ్య సాయంత్రాలు అటు నడుస్తున్నాడు.

మొన్న దసరాకి వెళ్లినప్పుడు ఆయనకీ చూపించాను ఆ లాప్‌టాప్ బొమ్మ. అమ్మ అడిగినట్టు ఎండ గురించి అడగలేదు. దారి చివరి మలుపు మీద వేలు పెట్టాడు, సూర్యుడికి అతి దూరంగా ఉన్న చోట.

"ఈడికెల్లి ఎట్ల మలుగుతది? ఆడ ఎవరున్నరు మల్పెటందుకు?"

ఎవరూ ఉండరు బాపూ అన్నాను. పోతూ పోతూ వేగం తగ్గిపోతుంది. అక్కడ ఇంకేమీ లేదు కాబట్టి, సూర్యుడి లాగుడు ఎంత తక్కువైనా అదే మలుపుతుంది అని చెప్పాను. కాసేపు చూశాడు.

"ఎన్నేండ్లు పడ్తది మలుగనీకె?"

ఆ చివర్లో వేల ఏళ్లు అన్నాను. లోపల్నుంచి అమ్మ, "2027ల మళ్ల పుష్కరాలంట, ఈసారి మీ అమ్మకు గూడ పెట్టాలె, పంతులుకు ఇప్పుడే చెప్పుండ్రి" అని కేకేసింది. బాపు లేచి ఫోన్ కోసం వెతుక్కుంటూ లోపలికి పోయాడు.